బంతి చేతిదాకా రాకముందే మొదలయ్యే ఆట

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 29 ఏళ్లు. రుషికొండ దగ్గర ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. ఆదివారం పొద్దున్నే మా వాళ్లు పదీ పన్నెండు మంది బీచ్‌లో నెట్ కట్టి వాలీబాల్ ఆడతారు. నేను స్కూల్లో ఎప్పుడూ ఆడలేదు, గేమ్స్ పీరియడ్‌లో కూడా లెక్కలే చెప్పేవారు. మూడు వారాల కిందట ఒక మనిషి తక్కువైతే నన్ను దింపారు. మొదటి బంతికే చేతులు కందిపోయాయి, బంతి ఎటో వెనక్కి పోయింది. "నువ్వు ఆ మూలన నిలబడు, బంతి వస్తే వదిలెయ్, మేం చూసుకుంటాం" అన్నారు. ఆట అయ్యేదాకా అక్కడే ఉన్నాను. మధ్యమధ్యలో అందరూ చోట్లు ఎందుకు మారుతున్నారో కూడా అర్థం కాలేదు. ఫిబ్రవరిలో ఆఫీసు పోటీలున్నాయి. ఎలాగైనా నేర్చుకోవాలని ఉంది. అమ్మేమో "ఈ వయసులో ఆ ఎగరడాలేంటి" అంటోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదివాక ఆ మూల గురించే చాలాసేపు ఆలోచించాను. వాలీబాల్ కోర్టులో ఖాళీగా నిలబడే మూల అంటూ ఒకటి ఉండదు. సర్వీసు చేతనైన వాళ్లెవరైనా ముందు చూసేది వెనక మూలల్నే. అక్కడున్న మనిషి కొత్తవాళ్లని తెలిస్తే ఇక ప్రతి బంతీ అటే. మిమ్మల్ని కాపాడుతున్నామనుకుని, బంతి ఎక్కువగా వచ్చే చోట నిలబెట్టి, దాన్ని ముట్టుకోవద్దన్నారు. మీ వాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండి ఉండదు. కానీ అలా నిలబెడితే ఎవరికీ ఆట రాదు. కాబట్టి మొదటి మాట: ఇక ఆ మూలకు వెళ్లొద్దు.

అమ్మగారి మాటకు జవాబు ఈ ఆట పుట్టుకలోనే ఉంది. 1895లో అమెరికాలోని హోలియోక్ అనే ఊళ్లో, వైఎంసీఏ అనే యువజన సంఘంలో పనిచేసే విలియం మోర్గాన్ దీన్ని తయారుచేశారు. అప్పటికి నాలుగేళ్ల ముందే బాస్కెట్‌బాల్ వచ్చింది. కానీ వ్యాపారాలు, ఉద్యోగాలు చేసుకునే నడివయసు వాళ్లకు ఆ పరుగులు, తోపులాటలు కష్టమయ్యాయి. వాళ్ల కోసం, ఒకరినొకరు తగలకుండా మధ్యలో వల కట్టి ఆడే ఆటగా ఇది మొదలైంది. ఆ తొలి వల ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలే. అంటే మీకన్నా పెద్దవాళ్లు ఆఫీసు అయ్యాక ఆడుకోవడానికి పుట్టిన ఆటను, 29 ఏళ్లకు నేర్చుకోవచ్చా అని మీరు అడుగుతున్నారు. తప్పకుండా నేర్చుకోవచ్చు. అమ్మగారికి ఇంకో మాట కూడా చెప్పండి. మన పీవీ సింధు వాళ్ల అమ్మ విజయగారు వాలీబాల్ క్రీడాకారిణే. నాన్న రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మన జట్టులో ఆడి, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు.

ఇప్పుడు కందిన చేతుల సంగతి. తప్పంతా మీ చేతులదే అనుకోకండి, ముందు బంతిని చూడండి. వాలీబాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు. లోపలి గాలి ఒత్తిడి నాలుగున్నర పీఎస్‌ఐ దగ్గర ఉంటే చాలు. ఫుట్‌బాల్‌కైతే ఎనిమిదిన్నర నుంచి పదిహేను దాటి కూడా ఉండొచ్చు. సైకిల్ షాపులో ఇస్తే రెండింటికీ ఒకేలా, రాయిలా అయ్యేదాకా కొట్టి ఇస్తారు. అలాంటి బంతి తగిలితే ఎవరి చేయైనా కందుతుంది. రెండు బొటనవేళ్లతో నొక్కితే బంతి కొద్దిగా లోపలికి పోవాలి. పోకపోతే గాలి కాస్త తీయించండి. గాజులు, ఉంగరాలు, వాచీ ఇంట్లోనే పెట్టి రండి, గోళ్లు పొట్టిగా ఉండాలి. మొదటి రెండు వారాలు ఫుల్ హ్యాండ్స్ టీ షర్టు వేసుకున్నా తప్పులేదు.

నెట్ ఎత్తు కూడా అడగండి. మగవాళ్ల నెట్ 2.43 మీటర్లు, దాదాపు ఎనిమిది అడుగులు. ఆడవాళ్లది 2.24 మీటర్లు, ఏడడుగుల నాలుగంగుళాలు. కలిసి ఆడే చోట చాలాసార్లు మగవాళ్ల ఎత్తుకే కడతారు. పోటీల్లో ఏ ఎత్తు పెడతారో ఇప్పుడే కనుక్కోండి. నేర్చుకునే రోజుల్లో మాత్రం ఏడడుగులకు దించి కట్టమనండి. ఇది ఎవరో దయతలచి ఇచ్చే రాయితీ అనుకోవద్దు, మోర్గాన్ కట్టిన వల అంతకన్నా తక్కువే కదా.

ఇక ఆట. నేను స్కూళ్లలో పీఈటీగా పనిచేసిన తొలి ఏళ్లలో ఒక తప్పు చేశాను. పిల్లలకు సరదా పుట్టాలని ముందు స్మాష్, అంటే బంతిని నెట్ పైనుంచి అవతలికి బలంగా కిందికి కొట్టడం, నేర్పేదాన్ని. నెట్ దగ్గర వరుసగా నిలబడి కొట్టడం అందరికీ వచ్చేది. మ్యాచ్ మొదలైతే కొట్టడానికి బంతే వచ్చేది కాదు, ఎందుకంటే సర్వీసు అందుకోవడం ఎవరికీ రాదు. ఈ ఆటకూ మిగతా ఆటలకూ ఉన్న తేడా నాకప్పుడు అర్థమైంది. కబడ్డీలో మనిషిని పట్టుకుంటాం, బాస్కెట్‌బాల్‌లో బంతిని చేతిలో ఉంచుకుని ఒక క్షణం ఆలోచించుకోవచ్చు. వాలీబాల్‌లో బంతిని పట్టుకోకూడదు. తగిలిన క్షణంలోనే అది వెళ్లిపోవాలి. కాబట్టి ఎటు పంపాలి, ఎంత ఎత్తు లేపాలి, ఎక్కడ నిలబడాలి అన్న ఆలోచనంతా బంతి తగలకముందే అయిపోవాలి. మీకు కష్టమనిపించింది ఇదే. మీరు బంతి మీదికొచ్చాక చేతులు చాపి ఉంటారు. ఆట మాత్రం అవతలి మనిషి సర్వీసుకు చెయ్యి ఎత్తినప్పుడే మొదలైపోతుంది.

అందుకని మొదట నేర్చుకోవాల్సింది కాళ్ల పని. పాదాలు భుజాలంత ఎడంగా, ఒక పాదం కాస్త ముందుకు, మడమల మీద బరువు పెట్టకుండా, మోకాళ్లు వంచి ఉండాలి. స్కూల్లో వేయించిన గోడకుర్చీ అంత కిందికి అక్కర్లేదు, అందులో సగం చాలు. చేతులు విడిగా, మోకాళ్ల ముందు. చాలామంది చేతులు ముందే కట్టేసుకుని పరిగెత్తుతారు. కట్టిన చేతులతో ఎవరూ సరిగ్గా పరిగెత్తలేరు. ముందు బంతి వెనక్కి కాళ్లతో చేరండి, ఆగండి, అప్పుడు చేతులు కలపండి.

ఆ చేతులు కలపడమే అండర్‌హ్యాండ్ పాస్. మన ఆటలో సగం ఇదే. ఒక అరచేతిలో ఇంకో చేతి వేళ్లు పెట్టి, రెండు బొటనవేళ్లూ పక్కపక్కనే నేలవైపు చూసేలా ఉంచండి. మోచేతులు నిటారుగా చాపండి. మణికట్టు దాటి నాలుగు వేళ్ల పైన, లోపలివైపు చదునుగా ఉండే చోట బంతి తగలాలి. మీకు బహుశా బొటనవేళ్ల ఎముకల మీద తగిలి ఉంటుంది. అందుకే నొప్పి పుట్టింది, అందుకే బంతి వెనక్కి పోయింది. రెండు చేతులూ కలిసి ఒక పళ్లెం అనుకోండి. పళ్లెం ఎటు చూస్తే బంతి అటు పోతుంది. చేతులు భుజం దాటి పైకి లేస్తే పళ్లెం వెనక్కి తిరుగుతుంది, బంతి మీ తల మీదుగా పోతుంది. కాబట్టి చేతులు విసరొద్దు. వేగంగా వచ్చే సర్వీసుకు ఊరికే పళ్లెం పెడితే చాలు. మెల్లగా వచ్చే బంతికి మోకాళ్లు నిటారు చేస్తూ లేవండి, ఆ లేవడంతోనే బంతి కూడా లేస్తుంది.

ఎంత ఎత్తు లేపాలి? కొత్తవాళ్లకు నా సలహా: నెట్ కన్నా ఇంకో ఒకటిన్నర మీటరు పైకి. అలా లేచిన బంతి తర్వాతి మనిషి చేతికి దిగడానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. వినడానికి చిన్నదే, కానీ కోర్టులో అంత సేపట్లో మనిషి మూడు నాలుగు అడుగులు వేసి బంతి కిందికి చేరొచ్చు. అందంగా, నేరుగా, చదునుగా పంపాలని చూడొద్దు. ఎత్తుగా, కోర్టు మధ్యకు లేపండి. చెడ్డ పాసైనా ఎత్తుగా ఉంటే పక్కవాళ్లు సరిదిద్దుకోగలరు.

ఇంట్లో దీనికి మనుషులు కూడా అక్కర్లేదు. మేడ మీద గోడ ఉంటే చాలు. గోడకు రెండు మీటర్ల దూరంలో నిలబడి బంతి విసిరి, తిరిగొచ్చినదాన్ని పాస్ చేసి, పట్టుకోండి. మళ్లీ విసరండి. పట్టుకోకుండా వరుసగా పది చేయగలిగే రోజు వస్తుంది. రోజూ పావుగంట చేస్తే ముంజేతులు కూడా అలవాటుపడతాయి.

ఓవర్‌హెడ్ పాస్‌ని మన గ్రౌండ్లలో లిఫ్ట్ అంటారు, అది చేసే మనిషిని లిఫ్టర్ అనో సెట్టర్ అనో పిలుస్తారు. చేతులు నుదుటి ముందు, కాస్త పైన. వేళ్లు విప్పి, పెద్ద కొబ్బరిబోండాన్ని రెండు చేతులా అందుకుంటున్నట్టు ఉంచండి. బంతి అరచేతికి తగలకూడదు, వేళ్ల కొసలకు దగ్గరగా తగలాలి. సరైన చోట ఉన్నారో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చేతులు తీసేస్తే బంతి నుదుటి మీద పడాలి. ముక్కు మీదో, గుండెల మీదో పడుతుంటే ఇంకా ముందుకు జరగాలి. మొదటి వారం లిఫ్ట్ చేయొద్దు, ఆ ఆకారంలో పట్టుకోండి చాలు. పట్టుకున్నాక మోకాళ్లతో, మోచేతులతో పైకి తోయండి. రోజురోజుకీ పట్టుకునే సమయం తగ్గించుకుంటూ పోతే అదే లిఫ్ట్ అవుతుంది. చేతిలో ఆగినట్టుంటే రిఫరీ ఫౌల్ ఇస్తారు, ఆఫీసు ఆటలో ఎవరూ అంత పట్టించుకోరు.

సర్వీసు గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. కొత్తవాళ్లు అండర్‌హ్యాండ్ సర్వీసే చేయాలి, దాంట్లో చిన్నతనం ఏమీ లేదు. కుడిచేతివాటం అయితే ఎడమకాలు ముందు. ఎడమచేతిలో బంతి నడుము ఎత్తున. కుడిచేయి వెనక నుంచి లోలకంలా వచ్చి, అరచేతి కింది గట్టి భాగంతో కొట్టాలి. చాలామందికి తెలియని సంగతేమిటంటే, చేతిలో ఉన్న బంతిని అలాగే కొట్టకూడదు, కొద్దిగానైనా వదిలాకే కొట్టాలి. విజిల్ పడ్డాక ఎనిమిది సెకన్ల టైముంటుంది. అందరూ కంగారుగా రెండు సెకన్లలో కొట్టేస్తారు. మీరు ఊపిరి తీసుకోండి, ఎక్కడ వేయాలో చూడండి, అప్పుడు కొట్టండి. నెట్‌కు ఐదారు మీటర్ల దూరంలో మొదలుపెట్టి, పదిలో ఎనిమిది దాటుతుంటే ఒక అడుగు వెనక్కి జరగండి. అలా జరుగుతూ తొమ్మిది మీటర్ల గీత దాకా వెళ్లాలి. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ, అంటే సర్వీసు నుంచి బంతి ఆగేదాకా సాగే ఆటకు, ఎవరికో ఒకరికి పాయింటు ఉంటుంది కాబట్టి, సర్వీసు నెట్‌కు కొట్టడమంటే అవతలి వాళ్లకు ఒక పాయింటు ఇచ్చేయడమే. పోటీల్లో మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అనేది ముందుగా దీన్ని చూసే తేలుస్తారు.

స్మాష్, బ్లాక్ (అవతలి వాళ్లు కొట్టే బంతిని నెట్ పైన చేతులతో అడ్డుకోవడం) ఈ మూడు నెలలు పక్కన పెట్టండి. నెట్ దగ్గర బంతి వస్తే, నిలబడే అరచేత్తో అవతలి ఖాళీలోకి పంపండి.

ఇక మీరు అర్థం కాలేదన్న విషయం, చోట్లు మారడం. నెట్ వైపు తిరిగి నిలబడితే, వెనక కుడిచేతివైపున్నది ఒకటో చోటు, సర్వీసు చేసేది అక్కడున్నవాళ్లే. దాని ముందు, నెట్ దగ్గర కుడివైపు రెండు. నెట్ దగ్గర మధ్యలో మూడు, ఎడమన నాలుగు. వెనక ఎడమన ఐదు, వెనక మధ్యలో ఆరు. అవతలి వాళ్ల సర్వీసులో మీరు పాయింటు గెలిస్తే సర్వీసు మీకొస్తుంది. అప్పుడు మాత్రమే అందరూ ఒక్కో చోటు గడియారం ముల్లు తిరిగే వైపు జరుగుతారు. రెండులో ఉన్నవాళ్లు ఒకటికి వచ్చి సర్వీసు చేస్తారు, ఒకటిలో ఉన్నవాళ్లు ఆరుకు పోతారు. మీ సర్వీసులో మీరే గెలుస్తూ పోతే ఎవరూ కదలరు, అదే మనిషి సర్వీసు చేస్తూ ఉంటారు. కోలాటంలో దరువు మారినప్పుడే జంట మారినట్టు, ఇక్కడ సర్వీసు చేతులు మారినప్పుడే చోటు మారుతుంది. మీ కుడిపక్క ఎవరు, ఎడమపక్క ఎవరు అని ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. ఆట అయ్యేదాకా ఆ వరుస మారదు.

అవతలి సర్వీసు అందుకునేటప్పుడు ఒకరు నెట్ దగ్గర లిఫ్ట్‌కు ఉంటారు. మిగిలిన ఐదుగురిలో ముగ్గురు కోర్టు మధ్యలో అడ్డంగా, ఇద్దరు వాళ్ల సందుల్లో వెనక. ఇది పాత పద్ధతి, పెద్ద జట్లు ఇలా నిలబడవు, కానీ కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. ఒక్కొక్కరి వంతుకు కొద్ది నేలే వస్తుంది. మీరు వెనక ఇద్దరిలో ఒకరైతే మీ ముందున్న ఇద్దరి మధ్య సందులోంచి సర్వీసు చేసే చెయ్యి కనబడాలి. కనబడకపోతే ఒక అడుగు పక్కకు జరగండి.

ఆ తర్వాత ఆట ఒక లయలో నడుస్తుంది. మూడు తాకిడులు: అందుకోవడం, లేపడం, పంపడం. మొదటిది నెట్ దగ్గరున్న లిఫ్టర్‌కు, రెండోది కొట్టేవాళ్లకు, మూడోది అవతలికి. ఒకే మనిషి వరుసగా రెండుసార్లు ముట్టుకోకూడదు, బ్లాక్‌కు తగిలినది మాత్రం లెక్కలోకి రాదు. బంతి అవతలికి పోగానే పని అయిపోయిందని నిలబడిపోతాం. సరిగ్గా అప్పుడే మళ్లీ మోకాళ్లు వంచి మీ చోటికి వచ్చేయాలి.

మీ వాళ్లతో ఒక ఒప్పందం చేసుకోండి. ఆదివారం మొదటి ఇరవై నిమిషాలు పాయింట్లు వద్దు. బంతి అవతలికి పోవాలంటే కనీసం రెండుసార్లు ఇవతల తగలాలి, కొత్తవాళ్లకు ఒక టప్పా కూడా ఇవ్వాలి. ఇసుకలో టప్పా పడదు కాబట్టి దీనికి గట్టి నేల కావాలి, మీ కాలనీలో ఏదైనా పార్కు చూసుకోండి. ఇలా ఆడితే గట్టిగా కొట్టేవాళ్లు కూడా పాస్ చేయడం నేర్చుకుంటారు. వాళ్లకూ అది రాదని మీకు తొందరగానే తెలుస్తుంది.

ఇంకొకటి, నోరు. ఇద్దరి మధ్య పడే బంతికి ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోవడం ప్రతి ఆదివారం జరిగేదే. బంతి నెట్ దాటేలోపే "నాది!" అని గట్టిగా అరవండి. మొహమాటం వద్దు. మన ఆడపిల్లలకు మెల్లగా మాట్లాడమని చిన్నప్పటి నుంచీ చెబుతారు, కోర్టులో మాత్రం ఆ అలవాటు జట్టుకు నష్టం. "నాది" అన్నాక బంతి చేజారినా ఫర్వాలేదు, పక్కవాళ్లు మీ వెనక కాపు కాయడానికి వస్తారు. వెనకున్న మీకు గీతలు బాగా కనబడతాయి కాబట్టి "ఔట్" అని చెప్పే బాధ్యత కూడా మీదే.

బీచ్ గురించి రెండు మాటలు. టీవీలో చూసే బీచ్ వాలీబాల్ వేరే ఆట. జట్టుకు ఇద్దరే, కోర్టు 18 బై 9 మీటర్లకు బదులు 16 బై 8. మీరు ఆడేది ఇసుకలో మామూలు వాలీబాల్. కానీ వాళ్ల నుంచి ఒక నియమం తెచ్చుకోండి, ప్రతి ఏడు పాయింట్లకూ వైపులు మారడం. మన ఊళ్లో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. పొద్దున్న సముద్రం వైపు మొహం పెట్టిన జట్టుకు ఎత్తు బంతి అసలు కనబడదు. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం గాలి మొదలై, లేపిన బంతి రోడ్డు వైపు జరిగిపోతుంది. ఆ గాలి తెలియక మీ పాస్ చెడ్డదనుకోవద్దు. చేతిలో ఇసుక చిటికెడు తీసి వదిలి చూడండి, ఎటు పోతుందో దానికి ఎదురువైపు కొంచెం ఎక్కువ లేపండి. ఇసుకలో కాళ్లు తొందరగా అలసిపోతాయి, ఉక్కపోతకు చెమట కూడా బాగా పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా తీసుకెళ్లండి.

వేలికి బంతి తగిలి వాస్తే ఎవరో ఒకరు వచ్చి "లాగితే సర్దుకుంటుంది" అంటారు. చెయ్యి ఇవ్వొద్దు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి, ఆట ఆపేయండి. వేలు వంకరగా ఉన్నా, వంచలేకపోతున్నా అదే రోజు ఎక్స్‌రే తీయించుకోండి.

ఈ ఆదివారం అరగంట ముందే వెళ్లి, ఒక ఆట ఊరికే కూర్చుని చూడండి. బంతిని చూడొద్దు. బాగా ఆడే ఒక్క మనిషిని ఎంచుకుని వాళ్ల పాదాలనే చూడండి, బంతి వాళ్ల దగ్గర లేనప్పుడు కూడా. ఎన్నిసార్లు చిన్న చిన్న అడుగులు వేసి జరుగుతున్నారో లెక్కపెట్టండి. తర్వాత కోర్టులోకి దిగి, ఈసారి వెనక మధ్యలో, ఆరో చోటు అడగండి. అక్కడ రెండు పక్కలా మనుషులుంటారు, ఆట మొత్తం కళ్ల ముందుంటుంది.

సంక్రాంతి అయ్యాక నాకు మళ్లీ రాయండి. సర్వీసులు పదికి ఎన్ని దాటుతున్నాయో, గోడ దగ్గర వరుసగా ఎన్ని పాసులు వస్తున్నాయో ఆ రెండు అంకెలూ రాసి పంపండి. అప్పుడు స్మాష్ సంగతి మాట్లాడుకుందాం.